తేదీని అంకెగా మార్చకపోతే గ్రాఫ్ మోసం చేస్తుంది: లింగాకర్షక బుట్టల లెక్కతో ఒక పాఠం

బుట్టల లెక్కను ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఎలా రాయాలో వీడియోలో చూపించాను. అందులో త్వరగా దాటేసిన ఒక ముక్కను ఇక్కడ వివరంగా రాస్తున్నా. ఆ ముక్క తెలియక నేను ఒక పంటలో దెబ్బ తిన్నాను.

2024 ఖరీఫ్‌లో జూలై 20న వరి నాటు వేశాం. కాండం తొలిచే పురుగు కోసం లింగాకర్షక బుట్టలు పెట్టి, చూసిన ప్రతిసారీ పడ్డ రెక్కల పురుగుల్ని లెక్కబెట్టి తీసేసేవాణ్ని. ఆగస్టు 29న బుట్టలు ఖాళీ చేశాక లెక్క ఇలా ఉంది:

05.09.2024: 7 పురుగులు
12.09.2024: 14 పురుగులు
14.09.2024: 12 పురుగులు

గ్రాఫ్ గీస్తే 14 నుంచి 12కి దిగింది. "హమ్మయ్య, ఉధృతి తగ్గింది" అనుకుని ట్రైకో కార్డులు తెప్పించడం వాయిదా వేశాను. పొట్ట దాటి కంకి వచ్చేసరికి మడిలో తెల్లకంకులు కనిపించాయి.

తప్పు ఎక్కడ జరిగింది? 14 పురుగులు 7 రోజుల్లో పడ్డాయి, అంటే రోజుకు 2. ఆ 12 మాత్రం రెండే రోజుల్లో పడ్డాయి, అంటే రోజుకు 6! ఉధృతి మూడింతలైతే నా గ్రాఫ్ తగ్గిందని చూపింది. ఈ పురుగు గుడ్లు సుమారు వారంలో పొదుగుతాయి. ట్రైకోగ్రామా గుడ్డు మీదే పనిచేస్తుంది. లద్దె కాండంలోకి దూరాక కార్డులూ అందవు, పైన కొట్టిన కషాయమూ అందదు. అందుకే ఆ నాలుగు రోజులే మనకు పంట.

కంప్యూటర్‌కి తేదీ అంటే ఏంటి?

ఎక్సెల్‌కి తేదీ అంటే రోజుల లెక్క. 1900 జనవరి 1ని 1గా పెట్టుకుని, రోజుకొకటి కలుపుకుంటూ పోతుంది. ఆ లెక్కన 2024 జూలై 20 అంటే 45493, సెప్టెంబర్ 12 అంటే 45547, 14 అంటే 45549. గూగుల్ షీట్స్‌లోనూ ఇవే అంకెలు వస్తాయి. అంకె అయింది కాబట్టి తీసివేయొచ్చు: 45549 లోంచి 45547 తీస్తే 2 రోజులు.

నేను మన అలవాటు ప్రకారం చుక్కలు పెట్టి 12.09.2024 అని కొట్టాను. నా షీట్ దాన్ని తేదీ అనుకోలేదు, ఉత్త అక్షరాలు అనుకుంది. అందుకే 7 రోజుల ఎడాన్నీ 2 రోజుల ఎడాన్నీ గ్రాఫ్ మీద సమాన దూరంలో పెట్టేసింది.

సరిచేసే పద్ధతి

1. ముందు పరీక్ష. తేదీల వరుసను ఎంచుకుని ఫార్మాట్‌ను నంబర్‌కి మార్చండి. 45 వేల పైచిలుకు అంకె వస్తే అది తేదీ. ఏమీ మారకపోతే అక్షరాలే.

2. అక్షరాలైతే పక్క గడిలో ఈ సూత్రం కొట్టండి (ఇంగ్లీషు అక్షరాల్లో): =డేట్(రైట్(ఏ2,4), మిడ్(ఏ2,4,2), లెఫ్ట్(ఏ2,2)). రోజుకీ నెలకీ రెండేసి అంకెలు ఉండాలి. 5 కాదు, 05.

3. గీతలు పెట్టి 05/09/2024 అని రాసేవాళ్లు ఇంకా జాగ్రత్త. షీట్ అమెరికా పద్ధతిలో ఉంటే అది మే 9 అయిపోతుంది, 14/09 మాత్రం అక్షరాలుగా మిగులుతుంది. గూగుల్ షీట్స్‌లో ఫైల్, సెట్టింగ్స్, లొకేల్‌లోకి వెళ్లి ఇండియా పెట్టండి. అప్పటికే తప్పు పడ్డవి వాటంతటవి మారవు, మళ్లీ కొట్టాల్సిందే.

4. ప్రతి తేదీలోంచి నాటు తేదీని తీసేయండి. 12వ తేదీ 54వ రోజు, 14వ తేదీ 56వ రోజు అవుతుంది. జవాబు 1900 నాటి తేదీలా కనిపిస్తే కంగారు పడకండి, ఆ గడి ఫార్మాట్‌ను నంబర్‌కి మార్చండి.

5. పురుగుల సంఖ్యను, ముందుసారి చూసినప్పటి నుంచి గడిచిన రోజులతో భాగించండి. ఈ పని సాఫ్ట్‌వేర్ తనంతట తాను చేయదు, మనమే చేయాలి.

6. గ్రాఫ్ రకంలో స్కాటర్ ఎంచుకోండి. అడుగున నాటిన తర్వాత రోజులు, నిలువున రోజుకు పురుగులు.

ఇలా మళ్లీ గీస్తే 1, 2, 6 అని నిట్టనిలువుగా లేచింది. ఆ రోజే ఇది చూసి ఉంటే కార్డులకి అప్పుడే ఫోన్ చేసేవాణ్ని.

నాటిన రోజుల లెక్క వల్ల ఇంకో లాభం ఉంది. వచ్చే ఏడు నాటు పది రోజులు ముందో వెనకో పడినా రెండేళ్ల గీతల్ని ఒకే గ్రాఫ్ మీద పోల్చుకోవచ్చు.

కంప్యూటర్ లేని వాళ్లు నోటుపుస్తకంలో తేదీ పక్కనే "నాటి ఎన్నో రోజు" అని ఒక గడి గీసుకోండి చాలు. ఈసారి బుట్ట కట్టిన రోజు నుంచే మొదలుపెట్టండి.