మాటల దీవి

దీవి అంటే ఏమిటి? నాలుగు దిక్కులా నీళ్లు, నడుమ నేల. మాటలకు కూడా దీవి ఉంటది. అలాంటి దీవి మన ఆదిలాబాద్ అడవుల్లో ఉంది. అదే కొలామీ భాష. చుట్టూ తెలుగు, గోండి, మరాఠీ. నడుమ కొలాముల గూడేలు.

ఉట్నూరు, కెరమెరి, తిర్యాణి వైపు కొలాములు ఉంటారు. మహారాష్ట్రలో ఇంకా ఎక్కువ మంది ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం కొలామీ మాట్లాడేవాళ్లు దేశం మొత్తంలో సుమారు 1 లక్షా 28 వేల మంది.

వాళ్ల మాటలు కొన్ని చదువుదాం.

ఇల్లు – ఎల్ల
నీరు – ఈర్
కన్ను – కన్

చూసిండ్రా అక్కా! మన మాటలకు దగ్గరి చుట్టాలే. రెండును ఇందింగ్ అంటారు. మూడును ముందింగ్ అంటారు. అయిదు నుంచి పది దాకా లెక్క మాత్రం తెలుగు నుంచి తీసుకున్నదే.

పని పాట

వానకాలం జొన్న, పత్తి, కంది వేస్తారు. ఎండకాలం ఇప్పపువ్వు ఏరుతారు. తునికాకు తెంపుతారు. బొంగు పని వాళ్ల చేతి విద్య. పచ్చి బొంగును చీరి సన్నని బద్దలు తీస్తారు. వాటితో చాటలు, గంపలు, తడకలు అల్లుతారు. అంగట్లో అమ్ముతారు.

అడవి మీద హక్కు

బొంగు లేకుంటే గంప లేదు. అడవి లేకుంటే బొంగు లేదు. నిజాం కాలంలో సర్కారు అడవిని రిజర్వు చేసింది. కొండల మీద పోడు చేసుకునే కొలాములను వెళ్లగొట్టింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చింది ఈ భూమి కోసం, ఈ అడవి కోసమే.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. దాని ప్రకారం అడవిని నమ్ముకుని బతికే గిరిజనులు బొంగు తెచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి సాగు చేసుకుంటున్న అడవి భూమికి హక్కు పత్రం ఇయ్యాలె. పెళ్లయిన వాళ్లకు అది భార్యాభర్తలిద్దరి పేర్ల మీద ఉండాలె.

మరి కాగితం మీద తన పేరు ఉందో లేదో ఆమెకు ఎట్లా తెలుస్తది? "నీ పేరుంది తియ్" అని ఎవరో అంటే నమ్ముడేనా? తానే చదువుకోవాలె.

కొలామీకి సొంత లిపి లేదు. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన పిల్లలకు తల్లిభాషలో చదువు మొదలుపెట్టారు. 8 భాషలు తీసుకున్నారు. అందులో కొలామీ ఒకటి. ఆ పుస్తకాలు తెలుగు అక్షరాలతోనే వచ్చాయి. మీరు నేర్చుకున్న అక్షరాలే అవి!

చెప్పండి, చేయండి

1. కొలామీలో నీటిని ఏమంటారు?
2. మీ ఇంట్లో బొంగుతో చేసిన వస్తువులు ఏమున్నాయి? పేర్లు రాయండి.
3. మీ ఇంటి భూమి కాగితం తీసి చదవండి. అందులో మీ పేరుందా?