పెట్టెలో గుట్ట: పిల్లలతో కలిసి కట్టండి

మీ పిల్లవాడు తొండనో బల్లినో సాకుతానని మారాం చేస్తున్నాడా? కసురుకోకండి. తొండ కనిపిస్తే రాయి అందుకునే వయసులో దాన్ని సాకుతానంటున్నాడంటే సంతోషించాల్సిన మాటే.

అయితే ముందే ఒక మాట ఖాయం చేయండి: బయట తిరిగేదాన్ని పట్టి తెచ్చేది లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని పట్టినా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే. చేనుగట్టు మీది తొండనూ, కంపమీది ఊసరవెల్లినీ ఉన్నచోటే ఉండనివ్వాలి. దుకాణంలో విదేశీ జాతిని కొంటే బిల్లు అడిగి తీసుకోండి. ఇగువానా లాంటి వాటిని 2024 నాటి నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో మాత్రం ఇవి వద్దు. వీటి ఒంటిమీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు. పెద్దపిల్లలైనా ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాల్సిందే.

అన్నీ కుదిరి, ఆస్ట్రేలియా జాతి తొండ బియర్డెడ్ డ్రాగన్ ఇంటికొచ్చిందనుకుందాం. అద్దాల పెట్టె వెనక కొండల పోస్టరు అంటించి ఊరుకోకండి. అది మన కంటికే. డ్రాగన్‌కు కావలసింది గోళ్లు పట్టే గరుకు, ఎక్కడానికి మెట్టు, దాక్కోవడానికి సందు.

అవి ఎలా ఉండాలో పుస్తకం చూడక్కర్లేదు. మన తిరుమలగిరి నుంచి ఎటు వెళ్లినా బండరాళ్ల గుట్టలకు కొదవ లేదు. ఒక పొద్దున పిల్లవాణ్ణి తీసుకెళ్లి దూరంగా కూర్చోబెట్టండి. రాళ్లమీద తిరిగే తొండల్లో మగది జతకట్టే కాలంలో వీపు ఎర్రబారి, పక్కలు నల్లబడి ఇట్టే కనబడుతుంది. ఎక్కడ ఎండకు కాగుతోంది? అలికిడైతే ఏ నెర్రెలోకి దూరింది? ఆ నెర్రె ఎంత సన్నం? వాడు నోటుబుక్కులో గీసుకొచ్చిందే పెట్టెలో మీరు కట్టబోయే రాతిగోడకు ప్లాను.

ఫ్రిజ్, టీవీ డబ్బాల్లో వచ్చే థర్మాకోల్ చాలు. కత్తి పని మీది. అంచులు గిల్లి, చెంచాతో తొలిచి రాయిలా చేసే పని వాడిది. వేడి తీగతో కోయకండి, ఆ పొగ మంచిది కాదు. ముక్కలను సిలికాన్‌తో అంటించాక, టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్‌ను దోసెపిండి జారులో కలిపి మూడు పూతలు వేయాలి. ఒకటి ఆరాకే మరొకటి. చేతికి గ్లౌజులు తప్పనిసరి. నీళ్లతో కలిపే ఆక్రిలిక్ రంగులే వాడండి. థిన్నర్ తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది. ఎక్కడా తెల్లటి గుళ్లు బయటికి కనబడకూడదు. కొరికి మింగితే పేగులకు అడ్డం పడతాయి.

ప్రతి సందులోనూ వాడి వేళ్లు చివరిదాకా అందాలి. అందకపోతే పూడ్చేయండి. మేతగా వేసిన మిడత అందులో చచ్చినా, పెంచుకునే జీవే ఇరుక్కున్నా బయటికి తీయలేరు. గోడను బాగా కడిగి, వాసన పూర్తిగా పోయేదాకా ఆరబెట్టాకే లోపల పెట్టండి.

బడి ప్రాజెక్టులాగా రాత్రికి రాత్రి మీరే పూర్తిచేసి పెట్టకండి. మెట్టు వంకరపోయినా, రంగు ముద్దగా పడినా ఉండనివ్వండి. నిజం గుట్టమీద మాత్రం అన్నీ నున్నగా ఉన్నాయా?

కరెంటు పనీ, యూవీబీ లైటు బిగించడమూ పెద్దలే చూసుకోవాలి. బల్బుకింద కాగేచోట థర్మాకోల్ వద్దు, షాబాదు బండముక్క పెట్టండి. అక్కడ 40 డిగ్రీలు, రెండో మూల 25 నుంచి 28 డిగ్రీలు ఉండేలా రెండు థర్మామీటర్లతో చూసుకోవాలి. మన దగ్గర మే నెలలో బయటే 44, 45 దాకా పోతుంది కాబట్టి ఆ రోజుల్లో వేడి ఇవ్వడం కంటే తగ్గించడమే అసలు పని. కిటికీ ఎండ పడే చోట అద్దాల పెట్టెను ఎప్పుడూ ఉంచకండి.

ఇంత చేశాక అది గోడ ఎక్కకుండా సందులోనే కూర్చుంటే పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడు. "నువ్వు చేసిన చోటు దానికి భద్రంగా అనిపించింది" అని చెప్పండి. లాగి బయటికి తీయనివ్వకండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఎక్కడుందో రాసి పెట్టుకోమనండి. నెల తిరిగాక ఆ లెక్క చూసి ఏ మెట్టు మార్చాలో, ఏ సందు పెంచాలో వాణ్ణే నిర్ణయించనివ్వండి.