హంపీ విపణివీథులు – శబ్దము, శిల, ప్రయోజనము

అమరసింహుడు ద్వితీయకాండమందలి పురవర్గమున అంగడికి సంబంధించిన నాలుగు పదములను రెండు జంటలుగా కూర్చినాడు. ఆపణము, నిషద్య అనునవి ఒక జంట. విపణి, పణ్యవీథిక అనునవి మఱియొక జంట. మొదటి జంట అంగడిని, రెండవది అంగళ్ల బారులు గల వీథిని తెలుపునని సామాన్యముగా పాఠము చెప్పి ముందునకు సాగుదుము. కాని ఐదు శతాబ్దములుగా నిలిచియున్న రాతిమంటపముల బారు ఎదుట నిలిచినపుడు, ఈ పదములలో ఏది దానికి తగునో చెప్పుట అంత సులభము కాదు. విజయనగర రాజధాని యైన హంపీలోని వీథులను ఈ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

మొదట శబ్దవిచారము. వ్యవహారార్థకమైన పణధాతువునుండి పుట్టిన ఆపణశబ్దమును పాణిని తృతీయాధ్యాయ తృతీయపాదమున 119వ సూత్రమందు నిపాతనముచే సాధించినాడు. క్రయవిక్రయములు జరుగు చోటు అని అధికరణార్థము. ఆ పాదమందే 99వ సూత్రముచేత నిషద్యాశబ్దము సిద్ధించుచున్నది. కూర్చుండు చోటు అని దాని అవయవార్థము. ఆపణశబ్దమున వ్యాపారము ప్రధానము. నిషద్యాశబ్దమున ఆసనము ప్రధానము. అంగడికి గోడ, తలుపు, అరలు ఉండితీరవలెనని ఈ రెండింటిలో ఏదియు చెప్పదు. కూర్చుండుటకు ఎత్తైన తావు, పైని నీడ, ఎదుట జనులు నడచు త్రోవ ఉన్నచో నిషద్య యేర్పడినట్లే. ఈ విషయము ముందు ఉపయోగపడును.

ఇక శాసనప్రమాణము. శకవర్షము 1348, అనగా క్రీ.శ. 1426నాటి సంస్కృతశాసనమొకటి, ద్వితీయ దేవరాయలు విజయనగరమున పార్శ్వనాథునకు శిలామయ చైత్యాలయమును కట్టించెనని తెలుపుచున్నది. ఆ ఆలయమున్న తావును ‘క్రముకపర్ణాపణ’ మనియు, ‘పర్ణపూగీఫలాపణ’ మనియు పేర్కొన్నది. క్రముకము, పూగీఫలము అనగా వక్క. పర్ణము సామాన్యముగా ఆకు అయినను, వక్కతో సాహచర్యముచే ఇచట తమలపాకు. కావున ఇది ఆకువక్కల అంగళ్ల వీథి. ఇచట గమనింపదగినది పదముల క్రమము కాదు, వస్తువుల క్రమము. వీథి అంతకుముందే తాను అమ్ము సరుకుచేత ప్రసిద్ధమై యున్నది. ఆలయము తరువాత వచ్చినది. ఆలయపు ఉనికిని తెలుపుటకు శాసనకర్త అంగడినే గుర్తుగా గ్రహించినాడు. 1443లో ఈ నగరమును దర్శించిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ కూడ, ఒక్కొక్క వృత్తివారి దుకాణములు ఒకదాని సరస నొకటి యుండెడివని వ్రాసినాడు. శాసనపదమునకు ఆయన మాట చక్కని సాక్ష్యము.

నేడు యాత్రికులు ‘బజారు’ లని పిలుచు నాలుగు ప్రధానవీథులు దీనికి భిన్నమైనవి. అవి విరూపాక్ష, కృష్ణ, అచ్యుతరాయ, విఠల ఆలయముల యెదుటి వీథులు. వీనిలో కృష్ణాలయమునకును మన ప్రాంతమునకును ప్రత్యక్షసంబంధము కలదు. శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి గెలిచిన ఉదయగిరి నేటి నెల్లూరు జిల్లాలోనిది. అచటినుండి తెచ్చిన బాలకృష్ణవిగ్రహమును ఆయన 1515లో ఇచట ప్రతిష్ఠించెను. అచ్యుతరాయాలయమని వాడుకలో నున్నది యథార్థముగా తిరువేంగళనాథుని యాలయము, 1534 నాటిది. ఈ నాలుగింటను ఆలయము మూలము, వీథి దాని విస్తారము.

దిక్కును బట్టియు ఈ విషయము రుజువగుచున్నది. కౌటిల్యుడు దుర్గనివేశప్రకరణమున గంధమాల్యాది పణ్యములవారికి తూర్పుదిక్కును నియమించినాడు. విరూపాక్ష, కృష్ణ, విఠల వీథులు తూర్పునకు సాగుటను చూచి, ఇది అర్థశాస్త్రానుసారమైన పురవిన్యాసమని తలచుటకు అవకాశమున్నది. కాని తిరువేంగళనాథుని వీథి ఉత్తరమునకు సాగినది. ఏలయన ఆ యాలయము ఉత్తరాభిముఖము. కావున వీథి దిక్కును నిర్ణయించినది వణిగ్విభాగము కాదు, దేవుని ముఖము.

వెడల్పును కూడ పరిశీలింతము. కౌటిల్యుడు రాజమార్గమునకు ఎనిమిది దండములు చెప్పినాడు. దండము సుమారు ఆఱడుగులు గనుక ఇది 48 అడుగులు, అనగా పదునాలుగు పదునైదు మీటర్లు. విరూపాక్షవీథి వెడల్పు సుమారు 28 మీటర్లు, దాదాపు రెట్టింపు. పొడవు 700 మీటర్లకు మించినది. క్రయవిక్రయములకు ఇంత వెడల్పు అక్కఱలేదు; బేరమునకు ఇఱుకుత్రోవయే అనుకూలము. రథము కదలుటకు, దానిని లాగువారికి, ఇరువైపుల నిలుచు జనసమూహమునకు ఈ వెడల్పు కావలెను. నేటికిని చైత్రమాసమున విరూపాక్షుని రథము ఈ వీథినే సాగుచున్నది. వీథి తూర్పుకొనను ఏకశిలానంది స్వామికి అభిముఖముగా నున్నది. ఒక కొనను దేవుడు, మఱియొక కొనను వాహనము గల ఈ త్రోవ ప్రథమతః ఉత్సవవీథి.

ఇక నిర్మాణము. వీథి కిరువైపుల ఎత్తైన రాతి అరుగు. దానిపై వరుసలుగా స్తంభములు. స్తంభములలో అధికభాగము అలంకారము లేని చతురస్రపు గ్రానైటు రాళ్లు. గండశిలను చీల్చుటకు వరుసగా తొలిచిన గుంటల జాడలు కొన్నింటి అంచులపై నేటికిని కనబడును. స్తంభముపై బోదిక, బోదికపై దూలము, దూలములపై రాతిపలకల కప్పు. రాతికి రాతికి నడుమ సున్నము లేదు, బరువే బంధము. పలుచోట్ల వెనుకగోడ కలదు. వీథివైపు మాత్రము తెఱపి. విరూపాక్షవీథిలో కొన్ని రెండంతస్తుల మంటపములును కలవు. స్తంభములు సమానదూరమున నుండుటచే ప్రతి రెండింటి నడుమ ఒక అంకణము ఏర్పడుచున్నది. ఇది వక్కలకని, ఇది వస్త్రములకని, ఇది శయనమునకని ఏ అంకణమును ప్రత్యేకింపలేదు. ఆలయమంటపమున స్తంభమును విగ్రహములతో నింపిన శిల్పియే, ఇచట దానిని వట్టిరాతిగా విడిచినాడు. ఇది అశక్తి కాదు. వచ్చినవాడు తన యవసరమునుబట్టి వాడుకొనునట్లు చేసిన ఏర్పాటు.

ఇచట పూర్వపక్షము. ఇవి మంటపములు, మంటపము దేవాలయాంగము, కావున ఇందు వ్యాపారమును నివాసమును తరువాతి కాలపు ఆక్రమణములే యని కొందఱి మతము. ఇవి బజారులు, రత్నములను రాసులుగా పోసి అమ్మిన తావులివియే యని మఱికొందఱి మతము.

రెండును ఏకదేశములు. 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ రత్నవర్తకమును, సాయంకాలపు సంతను వర్ణించినది నగరమందలి వేఱొక విశాలవీథిని గూర్చి. విరూపాక్షాలయవీథిని గూర్చి చెప్పునపుడు, అందలి స్తంభశాలలలో యాత్రికులు ఆశ్రయము పొందుదురనియు, గొప్పవారి వసతులును, రాజు వచ్చినపుడు దిగుటకు మందిరమును ఆ వీథియందే కలవనియు వ్రాసినాడు. దీనివలన రెండు విషయములు తేలుచున్నవి. రత్నవర్తకవర్ణనను ప్రతిమంటపమునకు అంటగట్టుట తగదు. ఈ మంటపములు జనశూన్యముగా నుండవలసినవని చెప్పుటయు తగదు. నగరము వైభవమున నున్న దినములలోనే ఇందు మనుష్యులు వసించిరి.

కావున సిద్ధాంతమిది: ఆకువక్కల వీథి ముఖ్యార్థమున పణ్యవీథిక. ఆలయముల యెదుటివి ముఖ్యార్థమున ఉత్సవవీథులు. పణ్యవీథికాత్వము వానికి ఆనుషంగికము. వాని యిరువైపుల నున్న మంటపములకు మాత్రము నిషద్యాశబ్దము అవయవార్థముతో సహా తగును. వర్తకుడు కూర్చున్నపుడు అది అంగడి. యాత్రికుడు కూర్చున్నపుడు అది విశ్రాంతిశాల. రథము వచ్చినపుడు అది ప్రేక్షకుల అరుగు.

ఇది కేవలము శబ్దచర్చ కాదు. హంపీ 1986లో ప్రపంచవారసత్వస్థలముగా గుర్తింపబడినది. 2011 జూలైలో విరూపాక్షవీథి మంటపములలో కాపురముండి, చిన్న దుకాణములు పెట్టుకొని బ్రతుకుచుండిన కుటుంబములను తొలగించి, స్తంభముల నడుమ కట్టిన గోడలను పడగొట్టిరి. ఇటుకసిమెంటు గోడలు పురాతనస్తంభములకు అపాయకరములు, చూపరులకు ఆచ్ఛాదకములు. వానిని తొలగించుటను నేను ఆక్షేపింపను. బరువునే బంధముగా గల కట్టడమున ఒక రాయి కదలినచో దాని ప్రక్కరాయికి దిక్కులేదు. కాని గోడ వేఱు, మనుష్యుడు వేఱు. మొదటిదానిని తీయుటకు శిలయే ప్రమాణము. రెండవవానిని తీయుటకు ‘ఇచట ఎన్నడును జనులు వసింపలేదు’ అను హేతువు చెప్పినచో, పాయెస్ వ్రాత దానికి బాధకము.

1565 యుద్ధానంతరము నగరము పాడుపడినను విరూపాక్షుని పూజ సాగుచునే యున్నది; రథము కదలుచునే యున్నది. దేవుడును, రథమును, రాళ్లును మిగిలియున్న ఆ వీథిలో నేడు కూర్చుండువాడు మాత్రమే లోపించినాడు. గోడ కట్టక, మేకు కొట్టక, పగటివేళ పూలును ఫలములును అమ్ముకొనుటకైనను ఆ అరుగులపై తావు కల్పించుట శాస్త్రమునకు గాని శిలకు గాని విరుద్ధము కాదని నా యభిప్రాయము. కూర్చుండువాడు లేని చోటును నిషద్య యనుట రూఢిమాత్రమే. అవయవార్థము అచట బాధితము. విజ్ఞులు పరిశీలింతురు గాక.