సముద్రపు నాచు గుళికలు క్యాన్సరును మాన్పునా?

ప్రశ్న: క్యాన్సరునకు చికిత్స పొందుచున్న మా తండ్రిగారికి సముద్రపు నాచునుండి తీసిన ఫ్యూకాయిడాన్ గుళికలు ఇయ్యవచ్చునా?

జవాబు: ఫ్యూకాయిడాన్ గోధుమవన్నె సముద్రశైవలముల కణకుడ్యములలో నుండు, గంధకాంశముతో గూడిన ఒక సంకీర్ణ శర్కర; స్వీడను శాస్త్రజ్ఞుడు కిలిన్ 1913లో దీనిని మొదట వేరుపరచెను. గాజుపాత్రలలో పెంచిన క్యాన్సరు కణముల వృద్ధిని ఇది అరికట్టినట్లు పెక్కు ప్రయోగములు చూపినను, ఇట్టి స్థూలాణువులు ప్రేగులనుండి స్వల్పముగనే రక్తమును చేరునవి యగుటచే, పాత్రలో కనబడిన ఫలము దేహములోనను కలుగునని తలపరాదు. రోగుల ఆయుర్దాయమును ఇది పెంచునని ఇంకను రుజువు కాలేదు.

అట్లని సాగరసంపదను నిరసింపరాదు. ఫ్లోరిడా తీరపు స్పంజి యొకదానిలో బెర్గ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు 1950 ప్రాంతమున కనుగొనిన అపూర్వ న్యూక్లియోసైడులు సైటరాబీను అను ఔషధమునకు మార్గము చూపగా, అది 1969లో అమెరికాలో ఆమోదము పొంది, నేటికిని రక్తక్యాన్సరు చికిత్సలో వాడబడుచున్నది; కాని శుద్ధిచేయబడి, మోతాదు నిర్ణయింపబడి, రోగులపై పరీక్షింపబడిన పిమ్మటనే అది మందు అనిపించుకొన్నది.

ఫ్యూకాయిడానునకు రక్తము గడ్డకట్టుటను మందగింపజేయు గుణము కలదు గనుక, రక్తము పలుచనగుటకు మందులు వాడువారికి ప్రమాదము కలుగవచ్చును. శుద్ధిచేయని నాచుపొడులలో అయోడిను, వయోజనులకు దినమునకు వలసిన 150 మైక్రోగ్రాములకంటె ఎన్నోరెట్లు అధికముగ నుండి థైరాయిడు గ్రంథిని బాధింపవచ్చును. కావున చికిత్స చేయుచున్న వైద్యుని అనుమతి లేనిదే ఇయ్యవలదు.