ఇంటి పిల్లి - రాత్రి నడవడి

ఆవు పాలిచ్చును. ఎద్దు అరక లాగును. కుక్క వాకిలి కాచును. ఈ జంతువులను మానవుడు తన పనుల కొఱకు మచ్చిక చేసికొనెను. పిల్లి సంగతి వేఱు. అది తనంతట తానే మన యిల్లు వెదకికొని వచ్చినది. వేల యేండ్లకు పూర్వము మానవులు పైరులు పండించి ధాన్యమును నిలువచేయుట నేర్చిరి. ధాన్యమునకు ఎలుకలు చేరెను. ఎలుకలకు అడవిపిల్లులు చేరెను. తమ గింజలను కాపాడు ఈ యతిథిని మానవులు తఱుమలేదు. సైప్రసు ద్వీపమున షిల్లూరోకాంబోస్ అను చోట త్రవ్వకములు జరిపిన శాస్త్రజ్ఞులు, రమారమి 9,500 సంవత్సరముల నాటి సమాధిలో ఒక మనుష్యుని యస్థిపంజరమును, దాని చెంతనే యొక పిల్లి యస్థిపంజరమును కనుగొని, ఆ విషయమును 2004వ సంవత్సరమున వెల్లడించిరి. పిల్లికిని మనకును గల చెలిమి అంత ప్రాచీనమైనది.

ఇంత పాత చెలిమిలో ఒక చిక్కు మాత్రము నేటికిని మిగిలియున్నది. ఇంటిల్లిపాది దీపములార్పి పండుకొనిన పిమ్మట పిల్లి మేలుకొనును. అటుకమీదికి దుముకును; గిన్నెలు దొర్లించును; దుప్పటిలో కదలిన కాలివ్రేళ్లను పట్టుకొనును; తెల్లవాఱుజామున నాలుగు గంటలకు తలగడ చెంత చేరి అఱచును. పగలెల్ల కిటికీ ప్రక్కన ముడుచుకొని నిద్రించిన ఈ ప్రాణికి ఆ వేళ అంత ఉత్సాహము ఎక్కడినుండి వచ్చినది?

దానికి కారణము పిల్లి శరీరమునందే కలదు. దాని పూర్వికయగు అడవిపిల్లి ఎలుకలను, చిన్న పక్షులను వేటాడి జీవించును. అట్టి వేటకు మునిమాపును, వేకువయు అనువైన వేళలు. కావున పిల్లిని నిశాచరమనుట కంటె సంధ్యాచరమనుట యుక్తము. వెలుగును చీకటియు కలిసికొను ఆ రెండు వేళలందును దానికి చుఱుకుదనము హెచ్చును. దాని కంటి వెనుక అద్దమువంటి పొర యొకటి కలదు. లోనికి వచ్చిన వెలుతురును ఆ పొర మరల వెనుకకు పంపును. చీకటిలో పిల్లికన్నులు మెఱయుట ఈ పొర వలననే. మనకు చూపు ఆనుటకు వలసిన వెలుతురులో సుమారు ఆఱవవంతు దానికి చాలును. మన చెవికి సోకని ఎలుకల సన్నని కీచుధ్వనులు దాని చెవికి వినబడును. ఇట్టి కన్నులును చెవులును గల జీవి మనము దీపమార్పినంతనే నిద్రపోవలెననుకొనుట న్యాయము కాదు.

పిల్లి దినమునకు 12 మొదలు 16 గంటల వఱకు నిద్రించును. కాని మనవలె ఏకబిగిని నిద్రింపదు. చిన్నచిన్న కునుకులుగా నిద్రించును. 1959వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమందలి లియాన్ నగరములో మిషెల్ జూవే అను శాస్త్రజ్ఞుడు పిల్లుల నిద్రను పరిశోధించెను. ఒకానొక దశలో పిల్లి శరీరము పూర్తిగా సడలియుండగా, దాని మెదడు మాత్రము మేలుకొనియున్నప్పటివలె పనిచేయుచుండునని ఆయన తెలిపెను. మనుష్యులకును స్పష్టమైన కలలు హెచ్చుగా వచ్చునది ఇట్టి దశయందే. మన నిద్ర రహస్యములను తెలిసికొనుటకు పిల్లి నిద్ర తోడ్పడినది. ఆ పిల్లియే మన నిద్రను చెఱచుట వింత గదా!

నిద్ర చెడుట అల్పవిషయము కాదు. పదమూడేండ్ల బాలబాలికలకు రాత్రి 8 గంటలకు తక్కువ కాని నిద్ర కావలెను. అది కొఱవడినచో చదివిన పాఠము మనస్సున నిలువదు. పెద్దలకు విసుగు పుట్టును. అప్పుడు కొందఱు పిల్లిపై నీళ్లు కుమ్మరింతురు. కొందఱు చీపురుకట్ట తిరుగవేయుదురు. మఱికొందఱు దానిని గోనెసంచిలో మూటగట్టి, ఊరి పొలిమేర దాటించి విడిచివత్తురు. ఇంటి తిండికి అలవడిన పిల్లి అచట కుక్కల వాతబడును, బండ్ల క్రింద పడును, ఆకలికి మాడును. సరియైన కారణము లేక జంతువును ఆకలిదప్పులకు గుఱియగునట్లు విడిచిపెట్టుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. చట్టము మాట అటుంచినను, నమ్మి మన చెంత చేరిన ప్రాణిని చీకటిలో విడిచివచ్చుట ధర్మమగునా?

కొట్టుట వలనను ప్రయోజనము లేదు. తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మీరు వినియుందురు. మఱగిన పాలలో మూతి పెట్టి కాల్చుకొనిన ఆ పిల్లి, తరువాత పాలగిన్నె చూచినంతనే పరుగెత్తినదట. కథ విని మనము నవ్వుదుము. కాని అందొక సత్యమున్నది. నొప్పి పిల్లికి భయమును నేర్పునే గాని బుద్ధిని నేర్పదు. రాత్రి అఱచినందుకు దెబ్బ తినిన పిల్లి తాను అఱవరాదని గ్రహింపదు; తన్ను కొట్టిన చేతిని చూచి భయపడుట మాత్రమే నేర్చుకొనును. భయపడిన పిల్లి మంచము క్రింద దాగును, కఱచును, కొన్ని సమయములందు ఇంటిలో కంపు చేయును. ఒక చిక్కునకు బదులు మూడు చిక్కులు వచ్చి పడును.

మఱి మార్గమేమి? పిల్లి స్వభావమును మనము మార్చజాలము. మన సాయంకాలపు అలవాటులను మార్చుకొనగలము. అడవిపిల్లి వేటాడును, వేటాడి తినును, తినిన పిమ్మట ఒడలు నాకి శుభ్రపఱచుకొనును, అటుపైన నిద్రించును. ఈ వరుసను మనము పండుకొను వేళకు అమర్చినచో సగము చిక్కు తీఱును.

మొదటిది ఆట. రాత్రి పండుకొనుటకు ముందు పది పదునైదు నిమిషములు పిల్లిని ఆడింపవలెను. కఱ్ఱకొనకు త్రాడు కట్టి, దాని చివర గుడ్డపీలికనో ఈకనో ముడివేసి, ఎలుక పరుగెత్తినట్లు నేలపై లాగవలెను. తుదకు పిల్లికి అది చిక్కనీయవలెను. ఎన్నడును చిక్కని వేట దానికి విసుగునే కలిగించును. చేతివ్రేళ్లతో ఆడింపరాదు. పగలు మన వ్రేళ్లను ఆటవస్తువులుగా చూపి, రాత్రి వానిని పట్టుకొనినదని కోపించుట తగదు. ఆట ముగిసినంతనే త్రాడును దాచిపెట్టవలెను. పిల్లి దారము మ్రింగినచో అది ప్రేగులను కోసి ప్రాణము తీయవచ్చును.

రెండవది ఆహారము. ఆట ముగిసిన వెంటనే ఆనాటి కడపటి తిండి పెట్టవలెను. పిల్లి మాంసాహారి. వట్టి పెరుగన్నము దానికి చాలదు. చేపయో మాంసమో, సరియైన పిల్లి ఆహారమో ఉండవలెను. పిల్లికి పాలన్న ప్రీతి యని మనము తలంతుము. కాని పెరిగిన పిల్లులలో పెక్కింటికి పాలు జీర్ణము కాక విరేచనములగును. మంచినీరు మాత్రము ఎల్లప్పుడును అందుబాటున ఉండవలెను.

మూడవది మన యోర్పు. ఒక యింటిని ఊహింపుడు. తెల్లవాఱుజామున పిల్లి అఱచినది. మనుమని నిద్ర చెడునని నాయనమ్మ లేచి, "ఊరకుండవే తల్లీ!" యని కొంచెము చేపముక్క వేసినది. పిల్లి ఊరకున్నది. నాయనమ్మ తాను పిల్లి నోరు మూయించితినని తలచినది. నిజమునకు పిల్లియే ఆమెకు పాఠము నేర్పినది: అఱచినచో తిండి వచ్చును! మఱునాడును ఆ వేళకే అఱచినది. ఆ పిలుపునకు బదులు పలుకకుండుటయే దీనికి మందు. తిట్టుటయు పలుకరించుటయే. తిండిని లేచిన వెంటనే కాక, ముఖము కడిగికొని, కొంత తడవైన పిమ్మట పెట్టవలెను. మొదటి కొన్ని దినములలో పిల్లి మునుపటికంటె గట్టిగా అఱచును. అదియే పరీక్షాసమయము. మూడు రాత్రులు ఓర్చి నాలుగవ రాత్రి లొంగిపోయినచో, మఱింత గట్టిగా అఱవవలెనని మనమే దానికి నేర్పినవారమగుదుము. ఇంటిలో నలుగురు ఊరకుండి ఒక్కరు లేచినను శ్రమ వ్యర్థమే. కావున అందఱును ఒక్క మాటపై నిలువవలెను.

నాలుగవది పడక. పిల్లికి వెచ్చదనము, మఱుగు, కొంచెము ఎత్తు ఇష్టము. వెదురుబుట్టలోనో అట్టపెట్టెలోనో పాత నూలుచీర మడత వేసి, జనసంచారము లేని మూలలో, బల్లమీదనో అరుగుమీదనో ఉంచినచో చాలును. దానిని బలవంతముగా తెచ్చి అందులో కూర్చుండబెట్టరాదు. అదియే పరీక్షించుకొని చేరును. ఇసుకతొట్టిని తిండికి దూరముగా ఉంచి, ప్రతిదినము శుభ్రపఱుపవలెను. పిల్లిని మన ప్రక్కన పండుకొననిచ్చుట ఇంటివారి యిష్టము. కాని ఉబ్బసము గలవారి మంచముపైనను, చంటిబిడ్డ ఊయలలోను దానిని పండుకొననీయరాదు. ఏ నియమము పెట్టినను నిత్యము ఒకటే యుండవలెను. నేడు దోమతెర లోనికి పిలిచి, రేపు వెలుపలకు గెంటినచో పిల్లి తెర చించును గాని నియమము నేర్వదు.

రాత్రులందు పిల్లిని ఇంటిలోనే ఉంచుట క్షేమము. అంతస్తుల యిండ్లలో కిటికీలకు, వసారాలకు గట్టి వల బిగింపవలెను. ఆడపిల్లి ఎదకు వచ్చి అఱచుటయు, మగపిల్లి జతకై తిరుగుటయు శిక్షలచే మానునవి కావు. పశువైద్యునిచే సకాలమున శస్త్రచికిత్స చేయించుటయే తగిన యుపాయము.

అయితే పిల్లి చేయు ప్రతి కూతయు మారాము కాదు. ఎన్నడును అఱవని పిల్లి అకస్మాత్తుగా అఱచినను, ముదుసలి పిల్లి రాత్రులందు దిక్కుతోచక అఱచినను వ్యాధి యుండవచ్చును. మగపిల్లి పలుమాఱు ఇసుకలో కూర్చుండియు మూత్రము విడువజాలకున్నచో అది ప్రాణాపాయము. తెల్లవాఱువఱకు ఆగక వైద్యునికి చూపవలెను. పిల్లి కఱచినను, రక్కినను ఆ గాయమును పదునైదు నిమిషములు ధారగా పడు నీటితో, సబ్బుతో కడిగి, జాగుసేయక ఆసుపత్రికి పోవలెను. రేబిస్ వ్యాధి పిల్లి వలనను సోకవచ్చును. అందుచే పిల్లికి ముందుగానే టీకాలు వేయించుట ఇంటివారి విధి.

పిల్లి మన భాష నేర్వలేదు. మన గడియారమును ఎఱుగదు. అయినను ప్రతిరాత్రి ఒకే వేళకు ఆట, ఒకే వేళకు తిండి, ఒకే చోట పడక దొరకినచో, కొన్ని వారములలో అది మన రాత్రికి చాలవఱకు అలవడును. అందుకు వలసినది దుడ్డుకఱ్ఱ కాదు. ఇంటివారి ఐకమత్యమును, ఓర్పును. నోరులేని ప్రాణిని తప్పుపట్టుటకు ముందు దాని స్వభావమును తెలిసికొన యత్నించువాడే దానిని పెంచుటకు అర్హుడు.

ప్రశ్నలు

1. పిల్లిని సంధ్యాచరమని ఏల చెప్పవలెను?
2. తెనాలి రామకృష్ణుని పిల్లి కథనుండి గ్రహింపదగిన సత్యమెట్టిది?
3. నాయనమ్మకు పిల్లి నేర్పిన పాఠమేమి? దానిని మాన్పుటకు ఇంటివారేమి చేయవలెను?
4. పిల్లి అఱచినప్పుడు ఎట్టి సందర్భములందు ఊరకుండరాదు?