కయాక్ మీద సామాను తడిస్తే? సందేహాలు - సమాధానాలు

కయాక్ ముందుభాగం మీద బిగించుకునే డెక్ బ్యాగు గురించి అడుగుతూ ఈమధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. బ్యాగు ఎంపిక కంటే, సామాను తడుస్తుందేమో, మనిషికి ఏమైనా అవుతుందేమో అన్న భయమే వాటిలో ఎక్కువగా ఉంది. కొన్నింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

కోట్‌పల్లి జలాశయంలో కయాకింగ్ కోసం ‘వాటర్ రెసిస్టెంట్’ అని రాసున్న డెక్ బ్యాగు కొన్నాను. తిరిగొచ్చి చూస్తే లోపల పెట్టిన కర్చీఫు చెమ్మగా ఉంది. మోసపోయానా?
*- ఓ సోదరి, హైదరాబాద్*

మోసపోలేదమ్మా, కంగారు పడకండి. అలాంటి బ్యాగు తెడ్డు నుంచి చిందే నీళ్లను, చిన్నపాటి వానను ఆపుతుందే తప్ప మునిగితే ఆపలేదు. రెయిన్‌కోటు వేసుకుని వానలో నడవొచ్చు గానీ, చెరువులో దిగితే తడవక తప్పదు కదా! జిప్పు చివర్లో, కుట్టు మూలల్లో కాస్త చెమ్మ చేరడం మామూలే. ఒట్టి తుంపర్లకే బ్యాగు అడుగున నీళ్లు నిలుస్తుంటే మాత్రం లోపలి వైపు తిప్పి చూడండి. కుట్ల మీద అతికించిన టేపు లేచిపోయి ఉంటే మార్చి ఇవ్వమని దుకాణంలో అడగండి.

బ్యాగుల మీద ఐపీఎక్స్4, ఐపీఎక్స్6, ఐపీఎక్స్7 అని రాస్తున్నారు. తప్పుగా ఎంచుకుంటే కెమెరా పోతుందేమోనని భయంగా ఉంది. ఏది తీసుకోవాలి?
*- ఓ విద్యార్థి, విశాఖపట్నం*

మీ భయంలో అర్థముంది, కానీ లెక్క సులువే. 4 అంటే ఏ వైపు నుంచి నీళ్లు చిందినా తట్టుకుంటుంది. 6 అంటే గట్టి ధారను ఓర్చుకుంటుంది. 7 అంటే ఒక మీటరు లోతులో 30 నిమిషాలు ఉన్నా చెడిపోదు. ధారను తట్టుకున్నది మునిగినా తట్టుకుంటుందని అనుకోవద్దు, ఆ పరీక్షలు వేర్వేరు. నిలకడగా ఉండే చెరువులో దుస్తులు, తినుబండారాలు పెట్టుకోవడానికి 4 చాలు. సముద్రంలోకి కెమెరా తీసుకెళ్తుంటే, దాన్ని ముందు 7 ఉన్న సంచిలో మూసి, ఆ సంచిని డెక్ బ్యాగులో పెట్టండి.

మా అమ్మాయి పెద్ద బ్యాగు కొనుక్కుంది. దాన్ని నిండా నింపి కయాక్ మీద కడితే పడవ బోల్తా పడదా?
*- ఓ తండ్రి, రాజమహేంద్రవరం*

బ్యాగు ఉన్నంత మాత్రాన పడవ బోల్తా పడదండీ, బరువు ఎంత ఎత్తులో ఉందన్నదే ముఖ్యం. ఒక పూట ప్రయాణానికి 10 నుంచి 15 లీటర్ల బ్యాగు సరిపోతుంది. అందులో టోపీ, సన్‌స్క్రీన్, పల్చటి జాకెట్, కాసిని చిరుతిళ్లు లాంటి తేలికైనవే ఉండాలి. నీళ్ల సీసాల వంటి బరువైనవి పడవ లోపల, సీటుకు దగ్గరగా కింద సర్దమనండి. తెడ్డు వేసేటప్పుడు వేళ్ల కణుపులు బ్యాగుకు తగులుతున్నా, కూర్చున్న చోటు నుంచి ముందు నీళ్లు కనబడకపోయినా అది మరీ ఎత్తయిన బ్యాగని అర్థం. అప్పుడు దాన్ని మార్చాల్సిందే.

నాకు ఈత అంతంతమాత్రమే. పడవ తిరగబడితే డెక్ బ్యాగు పట్టీల్లో చిక్కుకుపోతానేమోనని రాత్రి నిద్ర పట్టడం లేదు.
*- ఓ పాఠకుడు, కడప*

ఈ భయం చాలామందికి ఉంటుంది, పోగొట్టుకునే దారీ ఉంది. బ్యాగును నాలుగు మూలలా పొట్టి పట్టీలతో, క్లిప్పులతో బిగించండి. మిగిలిన పట్టీ కొసను మడిచి లోపలికి దోపండి, ఒక్క తాడు కూడా వేలాడకూడదు. పైన కూర్చునే రకం కయాక్ అయితే తిరగబడగానే మనిషి విడిపడి పక్కకు పడతాడు. లోపల కూర్చుని, నీళ్లు చొరకుండా నడుము చుట్టూ స్ప్రే స్కర్ట్ అనే తొడుగు బిగించుకునే రకమైతే, దాన్ని ఊడదీయడానికి లాగే పట్టీ బ్యాగు కింద దాక్కోకుండా చూసుకోవాలి. కళ్లు మూసుకుని చెయ్యి చాపితే ఆ పట్టీ అందాలి. అందకపోతే బయల్దేరకండి. లైఫ్ జాకెట్ వేసుకుని, శిక్షకుడి పక్కన, ఒడ్డు దగ్గర తిరగబడి బయటికి రావడం సాధన చేయండి. మీ భయం చాలావరకు అక్కడే తగ్గుతుంది.

నాకు షుగర్ ఉంది. పిల్లలతో అలప్పుళ బ్యాక్‌వాటర్స్‌లో కయాకింగ్‌కి వెళ్తున్నాం. ఇన్సులిన్ పెన్ను డెక్ బ్యాగులో పెడితే తడిసి పాడవుతుందా?
*- ఓ గృహిణి, గుంటూరు*

షుగర్ ఉందని ఈ సరదా మానుకోనక్కర్లేదమ్మా. మీ పెన్నుకు తడి కంటే ఎండే ఎక్కువ ముప్పు. ముదురు రంగు డెక్ బ్యాగు ఎండలో ఉంటే లోపల బాగా వేడెక్కుతుంది. వాడుతున్న ఇన్సులిన్‌ను సాధారణంగా 30 డిగ్రీల లోపు ఉంచమంటారు, మీ పెన్ను పెట్టె మీద ఏం రాసుందో చూసుకోండి. దాన్ని వేడి తగలని పౌచ్‌లో పెట్టి, ఆ పౌచ్‌ను మూత గట్టిగా పడే సంచిలో వేసి, సీటు కింద నీడలో ఉంచండి. ఐసు మాత్రం నేరుగా తగలనివ్వకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. గ్లూకోజ్ బిళ్లలు బ్యాగులో కాదు, లైఫ్ జాకెట్ జేబులో ఉండాలి. చెమటలు పట్టి వణుకు మొదలైతే తెడ్డు ఆపి, ముందు అవి తినండి. ఆ రోజు డోసు ఎంతన్నది మీ డాక్టరును అడిగి వెళ్లండి.

మా అబ్బాయి సియాటెల్‌లో ఉద్యోగం. సెలవు రోజుల్లో ఒక్కడే కయాక్ వేసుకుని వెళ్తాడు. ఫోన్ డెక్ బ్యాగులోనే ఉంటుందట. నాకు ఒకటే దిగులు.
*- ఓ తల్లి, విజయవాడ*

మీ దిగులు నాకు అర్థమైందమ్మా. అక్కడ ఎంతోమంది ఏళ్ల తరబడి క్షేమంగా కయాకింగ్ చేస్తున్నారు, ముందుగా ఆ ధైర్యం తెచ్చుకోండి. కానీ ఫోన్ విషయంలో మీ మాటే సరైంది. మనిషి పడిపోయాక పడవ గాలికి కొట్టుకుపోతే, బ్యాగులోని ఫోన్ కూడా దాంతోనే పోతుంది. సియాటెల్ పక్కనున్న ప్యూజెట్ సౌండ్ నీళ్లు వేసవిలోనూ చల్లగానే ఉంటాయి, ఆ చలికి వేళ్లు త్వరగా మొద్దుబారతాయి. ఫోన్‌ను నీళ్లు చొరని పౌచ్‌లో వేసి లైఫ్ జాకెట్‌కే తగిలించుకోమనండి, విజిల్ కూడా అక్కడే ఉండాలి. ఎటు వెళ్తున్నాడో, ఎన్నింటికి తిరిగొస్తాడో ఒక స్నేహితుడికి చెప్పి వెళ్తుంటే మీరు నిశ్చింతగా ఉండొచ్చు. లైఫ్ జాకెట్ లేకుండా వెళ్తున్నాడని తెలిస్తే మాత్రం ఊరుకోకండి, గట్టిగా చెప్పండి.

రుషికొండలో సముద్రంలోకి వెళ్లొచ్చాక బ్యాగు జిప్పు బిగుసుకుపోయింది, పళ్ల మీద తెల్లటి పొడి. బ్యాగు పాడైనట్టేనా?
*- ఓ పాఠకురాలు, విశాఖపట్నం*

పాడవలేదు, అది ఎండిన ఉప్పు. బలంగా లాగితేనే జిప్పు తెగుతుంది. గోరువెచ్చటి మంచినీళ్లలో కాసేపు నానబెట్టి, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో పళ్లు రుద్ది, నీడలో ఆరబెట్టండి. ఆరాక జిప్పుల కోసం అమ్మే మైనం కొద్దిగా రాయండి. కొబ్బరినూనె వద్దు, దానికి ఇసుక అంటుకుంటుంది. లోపలి పూత జిగటగా మారినా, పొరలుగా రాలుతున్నా ఆ బ్యాగు ఇక నీటిని ఆపలేదు, కొత్తది తీసుకోండి.

బ్యాగులోకి ఉప్పునీళ్లు వెళ్లి పవర్ బ్యాంకు తడిసింది. రెండు రోజులు ఎండబెట్టాను, ఇప్పుడు ఛార్జింగ్ పెట్టొచ్చా?
*- ఓ యువకుడు, చెన్నై*

పెట్టకుండా ముందే అడిగారు, మంచి పని చేశారు. దయచేసి పెట్టకండి. నీరు ఆరినా ఉప్పు లోపలే ఉండిపోతుంది. దానివల్ల షార్ట్ సర్క్యూట్ అయి లిథియం బ్యాటరీ అంటుకునే ప్రమాదం ఉంది. ఉబ్బినా, వేడెక్కినా, వాసన వచ్చినా మరీ ప్రమాదం. ఏదీ కనబడకపోయినా సరే, మంటలంటుకునే వస్తువులకు దూరంగా ఆరుబయట ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి. మామూలు చెత్తబుట్టలో మాత్రం వేయకండి.

ఖరీదైన బ్యాగు కొనే స్తోమత లేదు. తక్కువ ధరది నమ్మొచ్చా?
*- ఓ ఉపాధ్యాయుడు, నల్గొండ*

నిశ్చింతగా కొనుక్కోండి, నమ్మకం ధర మీద కాదు, పరీక్ష మీద పెట్టండి. ఇంట్లోనే బ్యాగులో టిష్యూ కాగితాలు పరిచి, మూసి, షవర్ కింద అయిదు నిమిషాలు ఉంచండి. తర్వాత ఏ మూల కాగితం తడిసిందో చూస్తే నీరు ఎక్కడ దూరుతోందో తెలిసిపోతుంది. దానికి తోడుగా, కుట్లు లేకుండా అంచులు వేడితో అతికించి, మూతిని చుట్టి మూసే చిన్న డ్రై బ్యాగు ఒకటి తీసుకోండి. దాని మూతిని కనీసం మూడు చుట్లు బిగువుగా చుట్టి క్లిప్పు పెట్టాలి. తడిసినా ఫరవాలేనివి డెక్ బ్యాగులో, తడవకూడనివి డ్రై బ్యాగులో, ప్రాణం కాపాడేవి ఒంటి మీద ఉండాలి. ఈ మూడూ పాటిస్తే తక్కువ ధర బ్యాగుతోనూ మీరు ధైర్యంగా బయల్దేరవచ్చు.