ధరణికోటకు ఊరి గైడు: పంచాయతీ చేయదగిన పని

కృష్ణానది దక్షిణపుటొడ్డున అమరావతిని ఆనుకొనియున్న ధరణికోట ఒకనాటి ధాన్యకటకము. 1962 మొదలు 1965 వరకు కేంద్ర పురావస్తుశాఖవారు ఇచ్చట త్రవ్వకములు జరిపి, నావలు వచ్చి నిలుచుటకు అనువైన కాలువను, రేవుకట్టను వెలికితీసిరి. అయినను నేడు ఊరికి వచ్చిన యాత్రికునకు కంటికి కనిపించునది స్వల్పము. చెప్పువారు లేనిచో అతడు మట్టిదిబ్బను చూచి వెడలిపోవును. చెప్పగలవాడు ఊరిలోనే ఉండినచో అతడు ఒకపూట నిలుచును. ఆ పూటవలన గైడునకు, పూటకూళ్లవారికి, ఆటోవారికి నాలుగు రూకలు లభించును. కావున ఈ పనిని గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములను ఇచ్చట వివరించుచున్నాము.

తెలియమి వలన కలిగిన నష్టము

అమరావతి మహాచైత్యము క్రీస్తుకు పూర్వమే ఆరంభమై శాతవాహనుల కాలమున మిక్కిలి వృద్ధిపొందినది. దాని వ్యాసము సుమారు 50 మీటర్లు. కాలక్రమమున అది ‘దీపాలదిన్నె’ అను పేరుగల దిబ్బగా మిగిలినది. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతి పట్టణమును నిర్మించునపుడు ఆ దిబ్బలోని ఇటుకలను, రాళ్లను వాడుకొనిరి. 1797లో దానిని చూచిన కాలిన్ మెకంజీ 1816లో మరల వచ్చునప్పటికి చాలభాగము చెడిపోయియుండెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన శిల్పములు మదరాసుకును, అచ్చటినుండి లండనుకును చేరినవి. బ్రిటిష్ మ్యూజియములో నేడు సుమారు 120 అమరావతి శిల్పములు కలవు. రాళ్లు తీసినవారికి వాని విలువ తెలియదు, తెలియజెప్పినవారును లేకపోయిరి.

మెకంజీకి దేశభాషలలో ప్రవేశము తక్కువ. ఆయనకు మన చరిత్రను, శాసనములను సేకరించి తెలిపినవారు కావలి వేంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మొదలగు తెలుగు సోదరులు. దేశమెరిగినవాడు ప్రక్కన నిలిచి చెప్పనిదే వచ్చినవానికి దేశము తెలియదని దీనివలన గ్రహింపవచ్చును.

గైడు చేయవలసిన పని

ఒక్కొక్క జట్టు పదిమందికి మించకుండుట మేలు. అంతకు మించినచో వెనుకనున్నవారికి మాట వినబడదు. రాళ్లపైకి ఎక్కువారిని వారించుటయు కష్టము. ఎండ ముదరకముందే బయలుదేరవలెను. మొదట ధరణికోట, తరువాత మహాచైత్యము, ఎండవేళకు మ్యూజియము, చివర కృష్ణయొడ్డున పంచారామములలో ఒకటియైన అమరేశ్వరాలయము చూపినచో వరుస కుదురును.

గైడు రాజుల పేర్లు మాత్రమే వల్లించినచో చాలదు. మహాచైత్యమునకు దానమిచ్చినవారిలో గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు కలరు. విధికుడను చర్మకారుడు తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో కూడి పూర్ణఘటముగల ఫలకమును సమర్పించినట్లు శాసనము కలదు. నేటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రచిహ్నమందు వెలసినది అమరావతి పూర్ణఘటమే. ఈ సంగతి విన్నవాడు ఆ రాతిని మరువడు.

శాసనము చెప్పినది వేరు, ఊరివారు చెప్పుకొనునది వేరు. బుద్ధభగవానుడు ధాన్యకటకమున కాలచక్రమును బోధించెనని టిబెట్టు బౌద్ధుల విశ్వాసము. 2006లో దలైలామా కాలచక్ర మహోత్సవమును అమరావతిలో జరుపుటకు ఇదియే కారణము. దీనిని విశ్వాసముగానే చెప్పవలెను. అట్లే ‘పలనాటి పాలరాయి’ అని పేరువడ్డ రాయి నిజమునకు ఒకవిధమైన సున్నపురాయి. తెలియని ప్రశ్నకు కల్పించి చెప్పుటకంటె ‘కనుగొని చెప్పెదను’ అనుటయే గౌరవము.

చట్టము

రక్షిత కట్టడము లోపల రుసుము పుచ్చుకొని చూపించుటకు, 1959 నాటి నియమముల ప్రకారము పురావస్తుశాఖ అధికారి లైసెన్సు ఉండవలెను. అది లేక పంపినచో మన యువకునకే చిక్కు కలుగును. 1958 నాటి చట్టమును 2010లో సవరించిన పిమ్మట రక్షిత కట్టడమునకు 100 మీటర్లలోపల క్రొత్తకట్టడము నిషిద్ధము. ఆపైన 200 మీటర్లలో అనుమతి అవసరము. ఇల్లు కట్టుకొనదలచినవారికి ఈ నిబంధన భారముగా తోచుట సహజమే. కావుననే పునాది తీయకముందే వారికి తెలియజెప్పుట పంచాయతీ బాధ్యత. దున్నునపుడు నాణెములుగాని నిధిగాని దొరికినచో, 10 రూపాయలకు మించిన విలువగలదైనయెడల, 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము కలెక్టరుకు తెలుపవలెను.

పంచాయతీ చేయదగినది

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే ఏర్పడిన పదునొకండవ షెడ్యూలులో సాంస్కృతిక కార్యములు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చబడినవి. గ్రామసభలో ఈ విషయము చర్చించి, చదువుకొని ఊరిలోనేయున్న యువతీయువకులను నలుగురైదుగురిని ఎంచుడు. వారిని మ్యూజియము అధికారులవద్దకు, పాఠశాల ఉపాధ్యాయులవద్దకు పంపి చరిత్ర నేర్పింపుడు. లైసెన్సు దరఖాస్తుకు తోడ్పడుడు. రుసుమును ముందుగా నిర్ణయించి బోర్డుపై వ్రాయింపుడు. బేరములు, తగవులు తగ్గును. త్రాగునీరు, మరుగుదొడ్డి, నీడ ఏర్పరుపుడు. స్త్రీలు జట్లతో వచ్చుచున్నారు గనుక స్త్రీ గైడులు కూడ ఉండుట అవసరము.

తన ఊరి రాతిని పదిమందికి చూపి జీవించువాడు ఆ రాతిని ఎవరు కదల్పబోయినను ఊరకుండడు. కావలివానిని నియమించుటకంటె ఇట్టివారిని తయారుచేయుట ఊరికి లాభము.